ఎలుక కడుపులో మూడు రోజులు: థాలేట్లు వృషణ జన్యువులను ఎలా తగ్గిస్తాయి

ప్లాస్టిక్‌లోని రసాయనాలు మగవాళ్ల హార్మోన్లను దెబ్బతీస్తాయన్న మాట పత్రికల్లో తరచూ చూస్తుంటాం. ఏ రసాయనం, ఏ కణంలో, ఏ జన్యువు మీద, ఏ రోజున, ఎంత మోతాదులో అన్నది మాత్రం అక్కడ దాదాపు ఉండదు. ఈ వివరాలు లేకుండా ఆ మాట భయపెడుతుందే తప్ప ఎవరికీ పనికిరాదు. పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే థాలేట్ల విషయంలో ఇవన్నీ చాలావరకు తెలుసు. అందుకే వాటి గురించి కొంచెం లోతుగా రాస్తున్నాను.

పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం. ఇంటికి నీళ్లు తెచ్చే గట్టి పైపు అదే. దాన్ని మెత్తగా వంగేలా చేయాలంటే నూనెలాంటి ద్రవం కలపాలి. బరువులో 20 నుంచి 40 శాతం దాకా కలుపుతారు. ఈ పనికి ఎక్కువగా వాడినది డీఈహెచ్‌పీ అనే థాలేట్. రెక్సిన్, కరెంటు తీగ తొడుగు, రెయిన్‌కోటు, రక్తం సంచీ, ఆస్పత్రిలోని మెత్తటి గొట్టాలు, నొక్కితే కీచుమనే బొమ్మలు, ఇవన్నీ ఆ కోవలోవే. ఆ ద్రవం ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు, ఊరికే ఇంకి ఉంటుంది. అందుకే మెల్లగా బయటికి వస్తుంది. నూనె, కొవ్వు తగిలితే ఇంకా త్వరగా వస్తుంది.

ఒంట్లోకి వెళ్లాక పేగుల్లోని లైపేజ్ ఎంజైములు దాని అణువుకి తోకల్లా ఉండే రెండు కార్బన్ గొలుసుల్లో ఒకదాన్ని తెంచేస్తాయి. డీఈహెచ్‌పీ ఎంఈహెచ్‌పీ అవుతుంది, డీబీపీ అనే ఇంకో థాలేట్ ఎంబీపీ అవుతుంది. పని చేసేది ఈ ఒంటితోక రూపమే. తోక పొడవు కూడా ముఖ్యం. ప్రధాన గొలుసులో నాలుగు నుంచి ఆరు కార్బన్లుండి, రెండు తోకలూ బెంజీన్ వలయంలో పక్కపక్కన అతుక్కుని ఉంటేనే మగ పిండం మీద గట్టి ప్రభావం కనిపిస్తుంది. అయిదు కార్బన్ల డైపెంటైల్ థాలేట్ అన్నిటికన్నా తీవ్రం. ఒకటి, రెండు కార్బన్లుండే డైమిథైల్, డైఈథైల్ థాలేట్లు ఎలుకల్లో ఈ పని చేయవు. తోకలు వలయానికి ఎదురెదురు కొసల్లో ఉండే టెరిథాలేట్లూ చేయవు. నీళ్ల సీసా తయారయ్యే పెట్ పేరులోనూ 'థాలేట్' ఉంది కదా అని కంగారుపడేవాళ్లు చాలామంది. అది టెరిథాలేట్ గొలుసు, దాన్ని మెత్తబరిచే ద్రవం కలపరు. పేరు కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఇక అసలు విషయం. థాలేట్ హార్మోన్‌ని అడ్డుకుంటుంది అని రాసేస్తుంటారు. అది మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ సందేశాన్ని అందుకునే ప్రొటీన్ (గ్రాహకం) మీద కూర్చుని అడ్డుకునే రకం కాదు. పిండం వృషణంలోని లేడిగ్ కణం టెస్టోస్టిరాన్ తయారు చేసే పనినే తగ్గిస్తుంది. ఆ పని వరుసగా సాగుతుంది. కొలెస్ట్రాల్‌ని రక్తంలోంచి కణంలోకి తెచ్చేది స్కార్బీ1. అక్కడి నుంచి మైటోకాండ్రియా లోపలి పొరకి చేర్చేది స్టార్. అక్కడ దాని పక్కగొలుసు కోసి ప్రెగ్నెనొలోన్ చేసేది సీవైపీ11ఏ1. ఆ తర్వాత 3బీటా-హెచ్‌ఎస్‌డీ, సీవైపీ17ఏ1 దాన్ని టెస్టోస్టిరాన్ వైపు నడుపుతాయి. ఒక్క మెట్టు పాడైతే అది ఎంజైము లోపం అనుకోవచ్చు. థాలేట్ వల్ల వీటి జన్యువుల ఆర్‌ఎన్‌ఏ (జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే నకలు) మెట్టుమెట్టునా ఒకేసారి తగ్గుతుంది. కొలెస్ట్రాల్‌ని కణంలోనే తయారు చేసుకునే జన్యువులు కూడా తగ్గుతాయి. అంటే చెయ్యి పడింది ఒక్క యంత్రం మీద కాదు, వాటన్నిటినీ నడిపే మీట మీద.

ఆ మీట ఏమిటన్నదానికి ఉన్న ఒక మంచి వివరణ ఇది. స్టార్, సీవైపీ11ఏ1, సీవైపీ17ఏ1 జన్యువుల ముందుభాగాల్లో ఎస్‌ఎఫ్1 అనే ప్రొటీన్ వచ్చి కూర్చుంటే అవి జోరుగా పనిచేస్తాయి. అదే చోటికి పోటీపడే ఇంకో ప్రొటీన్ కూప్-టీఎఫ్2. మామూలుగా పిండం ఎదిగేకొద్దీ లేడిగ్ కణాల్లో కూప్-టీఎఫ్2 తగ్గిపోయి ఎస్‌ఎఫ్1కి దారి వదులుతుంది. డీబీపీ తగిలిన పిండాల్లో ఆ తగ్గుదల జరగదు. అయితే అన్నిటికన్నా ముందు ఎంబీపీ అణువు కణంలో ఏ ప్రొటీన్‌ని తాకుతుందో ఇంకా తేలలేదు. ఈ రంగంలో పెద్ద ఖాళీ ఇదే.

మోతాదు సంగతికొస్తే, కడుపుతో ఉన్న ఎలుకలకి 12వ రోజు నుంచి 19వ రోజు దాకా డీబీపీని కిలో బరువుకి రోజుకి 0.1 నుంచి 500 మిల్లీగ్రాముల దాకా వేర్వేరు మోతాదుల్లో ఇచ్చి చూశారు. 50 మిల్లీగ్రాముల దగ్గరే జన్యువులూ, వృషణంలోని టెస్టోస్టిరానూ తగ్గడం కనిపించింది. 10 మిల్లీగ్రాముల దగ్గర టెస్టోస్టిరాన్ తగ్గలేదు. ఈ ప్రభావం త్వరగా వస్తుంది, మందు (ఇక్కడ మందు అంటే డీబీపీ) ఇచ్చిన కొన్ని గంటల్లోనే. అంతే త్వరగా పోతుంది కూడా. మందు ఆపేస్తే రెండు రోజుల్లో జన్యువులు తిరిగి పుంజుకుంటాయి.

తిరిగి పుంజుకుంటే ఇక నష్టమేముంది అనిపించవచ్చు. చాలామంది తడబడేది ఇక్కడే. ఎలుక గర్భం 21, 22 రోజులు. మగ పిల్ల జననాంగాలు ఏ దారిన ఎదగాలో తేలిపోయేది అందులో సుమారు 15.5 నుంచి 18.5 రోజుల మధ్య. ఆ మూడు రోజుల్లో టెస్టోస్టిరాన్ చాలకపోతే 19వ రోజు నుంచి ఎంత ఉన్నా పోయిన పని తిరిగి రాదు. వరినారు నాటే అదును దాటిపోయాక కాలవ నిండా నీళ్లు పారినట్టే. పుట్టిన మగపిల్లల్లో మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం తగ్గుతుంది, పుట్టాక 13వ రోజున చనుమొనలు ఆడపిల్లల్లా మిగిలి ఉంటాయి, మూత్రరంధ్రం అడుగున తెరుచుకుంటుంది, వీర్యకణాలు పక్వమయ్యే ఎపిడిడిమిస్ గొట్టం కొంతభాగం లేకుండానే పోతుంది. పుట్టాక రక్తం తీసి టెస్టోస్టిరాన్ చూస్తే మామూలుగా ఉండొచ్చు. జన్యువు కోలుకుంది, అవయవం కోలుకోలేదు. పెద్దయ్యాక చేసిన ఒక్క హార్మోన్ పరీక్ష చూసి ఈ రసాయనం వల్ల ఏమీ కాలేదని చెప్పే వాదన అందుకే చెల్లదు.

లేడిగ్ కణం చేసేది టెస్టోస్టిరాన్ ఒక్కటే కాదు. ఇన్‌సల్3 అనే ఇంకో హార్మోన్ కూడా చేస్తుంది. కడుపులో మూత్రపిండం పక్కన పుట్టిన వృషణాన్ని కిందికి, గజ్జల దాకా లాగే గుబర్నాక్యులం అనే తాడుని బలపరిచేది అదే. థాలేట్ ఇన్‌సల్3 జన్యువుని కూడా తగ్గిస్తుంది కాబట్టి వృషణం పైనే ఉండిపోతుంది. దీన్ని విన్‌క్లోజొలిన్ అనే శిలీంధ్రనాశినితో పోల్చి చూడండి. దాని అవశేషాలు, అంటే ఒంట్లో విరిగాక మిగిలే రూపాలు, గ్రాహకాన్ని మూసేస్తాయి, హార్మోన్ తయారీ జోలికి పోవు, ఇన్‌సల్3ని తగ్గించవు. ఆ పిల్లల్లోనూ చనుమొనలు మిగులుతాయి, మూత్రరంధ్రం చోటు తప్పుతుంది. వృషణం పొట్టలోనే ఉండిపోవడం మాత్రం అరుదు. బయటికి రెండు రసాయనాలూ ఒకే రకం నష్టం చేసినట్టుంటాయి. ఇన్‌సల్3 కొలిస్తే తేడా తెలిసిపోతుంది.

జన్యువుల తగ్గుదలని ప్రయోగశాలలో ఎలా కొలుస్తారో, ఎక్కడ తప్పిపోతుందో ఇప్పుడు వివరంగా రాస్తాను. ఇలాంటి పరిశోధన పత్రాలు చదివేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. మన దేశంలో ఏ జంతు ప్రయోగానికైనా ముందు సంస్థలోని నైతిక సంఘం అనుమతి ఉండాలి, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంఘం సీసీఎస్‌ఈఏ నిబంధనలు పాటించాలి.

మొదటి చిక్కు రోజుల లెక్క. జత కలిశాక యోనిలో వీర్యకణాలు కనబడిన రోజుని కొన్ని ల్యాబులు సున్నా రోజు అంటాయి, కొన్ని ఒకటో రోజు అంటాయి. ఒక్క రోజేగా అనుకోవద్దు, ఉన్న గడువే మూడు రోజులు. రెండు పత్రాల్ని పోల్చే ముందు 'పద్ధతులు' భాగంలో ఇది వెతకండి. అందులో రాయకపోతే ఆ పత్రంలోని రోజుల సంఖ్యని నమ్మలేం.

మోతాదు కలిపేది మొక్కజొన్న నూనెలో. కిలో బరువుకి 2.5 మిల్లీలీటర్ల లెక్కన, కొస గుండ్రంగా ఉండే సూదితో నేరుగా కడుపులోకి ఇస్తారు. కిలోకి 500 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే ద్రావణం మిల్లీలీటరుకి 200 మిల్లీగ్రాములు ఉండాలి. 10 మిల్లీలీటర్లకి 2 గ్రాముల డీబీపీ. దాన్ని తూకం వేసి కలపాలి, పిపెట్‌తో ఘనపరిమాణం కొలిచి కాదు. చిక్కటి నూనె పిపెట్ గోడలకి అంటుకుని తక్కువ పడుతుంది. 300 గ్రాముల ఎలుకకి 0.75 మిల్లీలీటరు వస్తుంది. కడుపుతో ఉన్న ఎలుక రోజురోజుకీ బరువు పెరుగుతుంది కాబట్టి ప్రతి ఉదయం తూచి మళ్లీ లెక్క కట్టాలి. మొదటి రోజు బరువుతోనే నెట్టుకొస్తే చివరి రోజులకి మోతాదు తగ్గిపోతుంది. కంట్రోల్ గుంపుకి ఉత్త నూనె అదే పరిమాణంలో ఇవ్వాలి. తల్లి బరువు తగ్గుతోందా, మేత మానేసిందా చూడాలి. తల్లే జబ్బు పడితే పిల్లలో కనిపించిన మార్పు దేనివల్లో చెప్పలేం.

14 నుంచి 18వ రోజు దాకా మందు ఇచ్చి 18వ రోజునే పిండాలు తీసే పద్ధతి బాగా నిలదొక్కుకుంది. సూక్ష్మదర్శిని కింద మగ పిండాల వృషణాలు తీసి, కొన్నిటిని పోషక ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి బయటికొచ్చిన టెస్టోస్టిరాన్ కొలుస్తారు. మిగిలినవి ఆర్‌ఎన్‌ఏకి. ఈ వృషణం బరువు కొద్ది మిల్లీగ్రాములే. పక్కనున్న మీసోనెఫ్రాస్ (పిండంలోని తాత్కాలిక మూత్రపిండం) కణజాలం, ఎపిడిడిమిస్ మొలక జాగ్రత్తగా తీసేయాలి. అన్నిటికన్నా ప్రమాదం అడ్రినల్ గ్రంథి ముక్క. స్టార్, సీవైపీ11ఏ1 అక్కడ కూడా దండిగా ఉంటాయి. ఒక్క గొట్టంలో ఆ ముక్క పడితే మందు ఇచ్చిన పిండంలో జన్యువు తగ్గలేదనో, పెరిగిందనో తప్పుడు ఫలితం వస్తుంది. ఇంకో మాట: ఉదయమంతా కంట్రోల్ తల్లులు, మధ్యాహ్నం మందు తల్లులు అని పెట్టుకోకూడదు. ఒకటి విడిచి ఒకటి చేయాలి. బయటికి తీసిన కణజాలం ఎంతసేపు ఆగిందన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది.

తీసిన వృషణాన్ని వెంటనే ఆర్‌ఎన్‌ఏని కాపాడే ద్రావణంలో వేయాలి. ఆర్‌ఎన్‌ఏ వేరు చేశాక దాని శుద్ధత చూపే 260/280 నిష్పత్తి 2.0 దగ్గర, అది ముక్కలవలేదని చూపే ఆర్‌ఐఎన్ అంకె 8కి పైన ఉంటే బాగున్నట్టు. డీఎన్‌ఏని ఎంజైముతో కరిగించి తీసేయాలి. తర్వాత ఆర్‌ఎన్‌ఏ నుంచి సీడీఎన్‌ఏ అనే డీఎన్‌ఏ నకలు, ఆపైన దాన్ని చక్రం చక్రానికీ రెట్టింపు చేస్తూ కొలిచే క్యూపీసీఆర్. ప్రతి ప్రైమర్ (కావలసిన జన్యువుని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్క) సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉందని పలచన శ్రేణితో చూసుకోవాలి. గీత వాలు -3.32 అయితే సరిగ్గా 100 శాతం.

చాలామంది పట్టించుకోనిది రిఫరెన్స్ జన్యువు, అంటే తాను మారకుండా మిగతావాటిని పోల్చడానికి కొలబద్దగా ఉండాల్సిన జన్యువు. ఒక ఉదాహరణ చూద్దాం. సీటీ అంటే సంకేతం కనబడడానికి పట్టిన చక్రాల సంఖ్య, అది ఒకటి పెరిగితే ఆర్‌ఎన్‌ఏ సగమైనట్టు. కంట్రోల్‌లో స్టార్ సీటీ 19, రిఫరెన్స్ 21. తేడా -2. మందు పడ్డదాంట్లో స్టార్ 21, రిఫరెన్స్ 21. తేడా 0. రెండు తేడాల మధ్య దూరం 2, అంటే స్టార్ నాలుగో వంతుకి పడింది, 25 శాతం మిగిలింది. ఇప్పుడు మందు ఆ రిఫరెన్స్ జన్యువుని కూడా కొంచెం తగ్గించి దాని సీటీ 22 అయిందనుకోండి. దూరం 1 అవుతుంది, స్టార్ 50 శాతం మిగిలినట్టు కనిపిస్తుంది. ఉన్న నష్టంలో మూడో వంతు లెక్కలో మాయమైపోయింది. జీవక్రియకి సంబంధించిన జీఏపీడీహెచ్ ఒక్కదాన్నే నమ్ముకున్న పత్రాల్ని నేను అనుమానంగానే చదువుతాను. కనీసం రెండు మూడు రిఫరెన్స్ జన్యువులు తీసుకుని, అవి మందు వల్ల మారడం లేదని ముందే చూపించి, వాటి గుణమధ్యమం వాడాలి.

ఇంకో లోతైన చిక్కు. మొత్తం వృషణాన్ని నూరితే వచ్చేది అన్ని కణాల ఆర్‌ఎన్‌ఏ కలగలుపు. లేడిగ్ కణాల సంఖ్యే తగ్గిందా, ఉన్న కణాల్లో జన్యువే తగ్గిందా? క్యూపీసీఆర్ ఒక్కటే చూసి చెప్పలేం. అందుకే పక్క పిండం వృషణాన్ని పలచగా కోసి 3బీటా-హెచ్‌ఎస్‌డీకి రంగు వేసి లేడిగ్ కణాలు లెక్కపెట్టాలి. బీజకణాలను పోషించే సెర్టోలి కణాల జన్యువు ఎస్‌ఓఎక్స్9 మారకుండా ఉంటే తగ్గుదల ప్రత్యేకంగా లేడిగ్ కణాలదేనని చెప్పడానికి బలం వస్తుంది. థాలేట్ లేడిగ్ కణాల్ని గుంపులుగా కూడేలా కూడా చేస్తుంది కాబట్టి ఒక్క ముక్క చూసి సంఖ్య చెబితే పొరపాటే.

చివరిగా గణాంకం. ఒక ఈతలో పది పన్నెండు పిండాలుంటాయి. మందు ఇచ్చింది తల్లికి. అయిదుగురు తల్లులు, తల్లికి ముగ్గురు మగపిల్లలు అంటే లెక్కలోకి వచ్చే సంఖ్య అయిదు, పదిహేను కాదు. పదిహేనుగా లెక్కిస్తే లేని తేడా ఉన్నట్టు తేలుతుంది. పాత పత్రాల్లోనే కాదు, కొత్తవాటిలో కూడా ఈ తప్పు దొర్లుతూనే ఉంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఎలుక ఎలుకే. చుంచెలుకలో (మౌస్ అనే చిన్న జాతి) డీబీపీ పిండం టెస్టోస్టిరాన్‌ని తగ్గించలేదు. అయితే బీజకణాలు (తర్వాత వీర్యకణాలుగా మారేవి) ఒక్కో కణంలో రెండు మూడు కేంద్రకాలతో తయారవడం మాత్రం చుంచెలుకలోనూ కనబడింది. అంటే థాలేట్ ప్రభావాలు రెండు వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. లేడిగ్ కణం దారి జాతిని బట్టి మారుతుంది, సెర్టోలి-బీజకణం దారి అంతగా మారదు. 2012లో ఎడిన్‌బరో పరిశోధకులు మనిషి పిండ వృషణపు ముక్కల్ని చుంచెలుకలకి అంటుకట్టి డీబీపీ ఇస్తే టెస్టోస్టిరాన్ తగ్గలేదు. అదే పద్ధతిలో అంటుకట్టిన ఎలుక వృషణంలో తగ్గింది. దీన్ని పట్టుకుని మనిషికి భయం లేదని తేల్చేయడం తొందరపాటే. ఆ ముక్కలు 14 నుంచి 20 వారాల పిండాలవి. మగ జననాంగాల దారి తేలిపోయే గడువు మనిషిలో 8 నుంచి 14 వారాల మధ్య ఉంటుందని అంచనా. అదే సంవత్సరం ఫ్రాన్స్‌లో పెద్దవాళ్ల వృషణపు ముక్కల్ని ద్రావణంలో ఉంచి ఎంఈహెచ్‌పీ కలిపితే టెస్టోస్టిరాన్ తగ్గింది.

మనుషుల్లో నేరుగా చేసిన అధ్యయనాల్లో 2005లో అమెరికాలో షానా స్వాన్ బృందం చేసినది బాగా తెలిసినది. 85 మంది మగపిల్లల్లో మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరాన్ని కొలిచి, తల్లి గర్భంతో ఉన్నప్పటి మూత్రంతో పోల్చారు. కొన్ని థాలేట్ అవశేషాలు ఎక్కువున్న తల్లుల పిల్లల్లో ఆ దూరం తక్కువగా ఉంది. ఆ జాబితాలో డైఈథైల్ థాలేట్ అవశేషం కూడా ఉంది. ఎలుకలో అదేమీ చేయదని పైన చెప్పుకున్నాం. అందుకే ఆ ఒక్క అధ్యయనంతో నిర్ణయానికి రాలేం. అదే బృందం 2015లో మొదటి మూడు నెలల మూత్రం మీద చేసిన పెద్ద అధ్యయనంలో డీఈహెచ్‌పీ అవశేషాలకే సంబంధం కనిపించింది. ఇది జంతువుల్లో తెలిసినదానితో సరిపోతుంది. నా లెక్కలో మొదటిదానికన్నా ఇదే బరువైనది.

మూత్రమే ఎందుకంటే, రక్తంలో తోక తెగని థాలేట్‌ని కొలిస్తే గొట్టం నుంచి, చేతితొడుగు నుంచి, ద్రావణి నుంచి వచ్చి పడిన మురికిని కొలుస్తున్నట్టే. మూత్రంలో కూడా ఎంఈహెచ్‌పీ కన్నా కాలేయంలో ఆక్సీకరణ చెందిన అవశేషాల్ని నమ్మాలి. అవి శరీరం లోపల తప్ప బయట పుట్టవు. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడుతుంది కాబట్టి అందులోని క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థంతోనో సాంద్రతతోనో సరిచేయాలి. ఇవి శరీరంలోంచి చాలావరకు ఒక్క రోజులో వెళ్లిపోతాయి. ఒక్కసారి తీసిన మూత్రం నిన్న ఏం తిన్నారో చెబుతుంది, మూడు నెలల కథ చెప్పదు.

మామూలు మనుషులకి చేరే డీఈహెచ్‌పీ రోజుకి కిలో బరువుకి కొన్ని మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఎలుకలో ప్రభావం కనిపించిన మోతాదుకి అది వేల రెట్లు తక్కువ. మరి ఊరుకోవచ్చుగా అంటే, రెండు కారణాల వల్ల ఊరుకోలేం. ఒకటి, థాలేట్లు ఒక్కొక్కటిగా రావు. అయిదు థాలేట్లు కలిపి ఎలుకలకి ఇచ్చినప్పుడు వాటి మోతాదులు కూడికలా కలిసిపోయి టెస్టోస్టిరాన్‌ని తగ్గించాయి. అందుకే యూరప్ ఆహార భద్రతా సంస్థ 2019లో డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ, డీఐఎన్‌పీ అనే నాలుగు థాలేట్లకీ కలిపి కిలోకి రోజుకి 50 మైక్రోగ్రాములని ఒకే పరిమితి పెట్టింది. ఆ లెక్కలో డీబీపీ డీఈహెచ్‌పీకి అయిదు రెట్లు తీవ్రం. రెండోది, అందరూ మామూలు మనుషులు కారు. నెలలు నిండకుండా పుట్టి, రక్తం, సెలైన్, పాలు అన్నీ మెత్తటి పీవీసీ గొట్టాల గుండానే అందే మగపిల్లవాడికి చేరేది మైక్రోగ్రాముల లెక్కలో ఉండదు. మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే ఈ పిల్లలకీ, మగపిండంతో ఉన్న తల్లులకీ, యవ్వనంలోకి వస్తున్న మగపిల్లలకీ వీలున్నచోట డీఈహెచ్‌పీ లేని పరికరాలు వాడమని సూచించింది. చికిత్స ఆపమని మాత్రం కాదు, గొట్టం మార్చమని. రక్తం సంచీలో ఇంకో చిక్కుంది. డీఈహెచ్‌పీ ఎర్ర రక్తకణాల పొరను పటిష్టంగా ఉంచుతుంది. దాన్ని తీసేస్తే రక్తం అంతకాలం నిలవ ఉండదు. ఆ సంచీ అంత త్వరగా మారకపోవడానికి అదొక కారణం.

ఇంట్లో చేయగలిగేది కొద్దిగానే ఉంది, కానీ ఉంది. పాలిథిన్ కవరు మెత్తగా ఉండడానికి థాలేట్ అవసరం లేదు. గట్టి పీవీసీ పైపులోనూ మెత్తబరిచే ద్రవం కలపరు. వాటి మీద దృష్టి పెట్టి మెత్తటి పీవీసీని వదిలేస్తున్నాం. డబ్బాలోంచి నూనె లాగే పారదర్శక గొట్టం పీవీసీ అయితే దాన్ని పారేసి తిండికి పనికొచ్చే సిలికాన్ గొట్టం పెట్టండి. నూనె, నెయ్యి, ఆవకాయ గాజులోనో స్టీలులోనో ఉంచండి. త్రికోణంలో 3 అంకె ఉన్నదేదైనా పీవీసీ. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, థాలేట్ల పరీక్ష ఐఎస్ 9873 తొమ్మిదో భాగంలో ఉంది. సంతలో గుర్తు లేకుండా అమ్మే, ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొట్టే మెత్తటి బొమ్మని నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వకండి. గర్భం మొదటి మూడు నెలల్లో రెక్సిన్ కుట్టే, తీగ తొడుగు పోసే, మెత్తటి పీవీసీని వేడిచేసే చోట పనిచేసే స్త్రీని ఆ పని నుంచి వేరే పనికి మార్చమని యజమానిని అడగడం వీటన్నిటికన్నా ముఖ్యం. వేడి తగిలినప్పుడు ఆ ద్రవం ఆవిరిగా లేస్తుంది. చాలామందికి గర్భం సంగతి తెలిసేటప్పటికే ఆరో వారం దాటుతుంది, ఎనిమిదో వారానికి గడువు మొదలవుతుంది. పని మార్పించుకోవడానికి మిగిలేది ఆ కొద్ది రోజులే.